గట్టెక్కని తాత : ఇటాలో కాల్వినో కథ యొకదానిపై పరామర్శ

హాస్యకథను పరిశీలించునపుడు విమర్శకుడు రెండు ప్రమాదములకు లోనగుట కలదు. నవ్వించినది గావున దానియందు గంభీరార్థము లేదని విడిచిపెట్టుట మొదటిది. గంభీరార్థము కలదని నిరూపించు తొందరలో అందలి నవ్వును తుడిచివేయుట రెండవది. ఇటలీ దేశీయుడగు ఇటాలో కాల్వినో రచించిన 'లో త్సీఓ అక్వాతికో' అను కథ ఈ రెండింటికిని లొంగనిది. చేపలు నీటిని విడిచి నేలకెక్కి కాళ్ళతో నడవ నేర్చుకొనుచున్న కాలమున ఒక కుటుంబమున జరిగిన వృత్తాంతమిది. చదువునంతసేపును నవ్వు వచ్చును; పుస్తకము మూసిన పిమ్మట ఆ నవ్వు ఎవరిని గూర్చినదో అని శంక కలుగును. ఈ కథ మాకేల నచ్చినదో, నచ్చుటతోపాటు ఏల కలతపెట్టినదో వివరించుట ప్రకృతవ్యాసమున మా యుద్దేశము.

కాల్వినో 1923లో క్యూబా దేశమున జన్మించి, ఇటలీ వాయవ్యతీరమందలి సాన్ రేమో పట్టణమున పెరిగి, 1985లో దివంగతుడయ్యెను. తండ్రి మారియో కాల్వినో వ్యవసాయశాస్త్రజ్ఞుడు. తల్లి ఎవా మమేలి వృక్షశాస్త్రజ్ఞురాలు. తమ్ముడు ఫ్లోరియానో భూగర్భశాస్త్రవేత్త యయ్యెను. ఇటాలోయు 1941లో తూరిన్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాఖయందే చేరెను గాని, యుద్ధానంతరము సాహిత్యమునకు మరలి, 1947లో జోసెఫ్ కాన్రాడ్ నవలలపై సిద్ధాంతవ్యాసము సమర్పించి పట్టము పొందెను. శాస్త్రజ్ఞుల యింట పుట్టిన ఈ సాహిత్యకుడు 1965లో ప్రకటించిన 12 కథల సంపుటి 'లె కాస్మికోమికె'. మేము పరిశీలించు కథ అందులోనిది. విలియం వీవర్ చేసిన ఆంగ్లానువాదము 1968లో వెలువడి, మరుసటి సంవత్సరము అమెరికాలో అనువాద సాహిత్యమునకిచ్చు నేషనల్ బుక్ అవార్డు నందుకొనెను. మా పఠనమునకు ఆ యనువాదమే ఆధారము.

ఈ సంపుటియందు ప్రతి కథకును తలకట్టుగా ఒక శాస్త్రవిషయము కొలది వాక్యములలో నుండును. అది ముగియగానే ఒక వృద్ధుడు, ఆ కాలమున తానచ్చటనే యుంటినని చెప్పుచు కథ నందుకొనును. వాని పేరు క్ఫ్వ్ఫ్క్. ఇటునుండి చదివినను అటునుండి చదివినను ఒక్కటియే యగు ఈ పేరు నోట పలుకుటకు వీలుకానిది. మన వ్యాకర్తలు అచ్చులను ప్రాణములనియు, హల్లులను ప్రాణులనియు వ్యవహరించిరి. ఆ పరిభాషలో చెప్పవలెనన్నచో మన కథకుడు ప్రాణములు లేని ప్రాణి! అతడు వలచిన పిల్ల పేరు ల్ల్ల్. అందును అచ్చు లేదు. నీటిలోని ముసలివాని పేరు మాత్రము న్‌బా న్‌గా. ఇందు అచ్చులు కలవు. గాలి పీల్చ నేర్చినవారి పేర్లలో ఊపిరి లేదు. మొప్పలతో బ్రతుకువాని పేరు నోరార పలుకవచ్చును. రచయిత ఇట్లు బుద్ధిపూర్వకముగా చేసెనో లేదో మేము నిర్ణయింపము. అజంతభాష మాటలాడు మన చెవికి మాత్రమిది వెంటనే తగులును.

కథాసంగ్రహమిది. నీటికాలము ముగియవచ్చినది. గట్టుమీద ఒక్క చుట్టమైనను లేని చేపల కుటుంబము లేదు. నేలపై ఎన్నియో వింతలు, ఎన్నియో అవకాశములు కలవని వెళ్ళినవారు కబురులు పంపుచుందురు. పడుచువారు బురదగట్టున తమ వాజములను తాటించి అవి కాళ్ళుగా పనికివచ్చునా అని పరీక్షించుకొనుచుందురు. క్ఫ్వ్ఫ్క్ కుటుంబము తాతలతో అవ్వలతో సహా గట్టెక్కినది. ఎక్కనివాడొక్కడే: నాయనమ్మ వైపు చుట్టమగు న్‌బా న్‌గా. అతడు సీలకాంత్ అను చేపల వంశమువాడు. తమ పూర్వులందరు పుట్టిన కయ్యలోనే, చెట్లవేళ్ళ నడుమ, బురదనీట కదలక పడియుండును. కుటుంబమువారు అప్పుడప్పుడు అంచువరకు ప్రాకివచ్చి, నీటిబుడగలు పైకి తేలుట చూచి, అతనిని పలుకరింతురు. వయసు మీరినవాడు ఆ చెమ్మలో ఒంటరిగా నుండనేల, మా యింటికి రమ్మని బ్రతిమాలుదురు. అతనిని గట్టెక్కించిన శాఖకు బంధువర్గమున పెద్దరికము లభించును గావున ఆ ప్రయత్నమున పోటీయు కలదు. అతడు రాడు, పైగా మీరే నేడో రేపో తిరిగివత్తురని వారినే జాలితో చూచును.

ఇట్లుండగా క్ఫ్వ్ఫ్క్ ల్ల్ల్‌ను ప్రేమించును. ఆమె కుటుంబము ఎప్పుడో నీటిని విడిచి దూరపు పొడినేలలలో స్థిరపడినది. ఆమెకు నీటి జ్ఞాపకములు లేవు. తన చుట్టమొకడు ఇంకను చేపగానే యున్నాడని ఆమెకు చెప్పుటకు క్ఫ్వ్ఫ్క్‌కు సిగ్గు. చెప్పుట వాయిదా వేయుచు, తుదకు చెప్పక తప్పనినాడు ఆమెను కయ్య కడకు తీసికొనివచ్చును. ఆమె నవ్వునని, ఏవగించుకొనునని అతడు భయపడును. ఆమె ముసలివాని మాటలు శ్రద్ధగా వినును. మరల మరల పోయి ప్రశ్నలడుగును. నీటిలో దిగుట నేర్చుకొనును. నేల నిలుకడలేనిదనియు, నీరే స్థిరమనియు అతడు చేయు బోధ ఆమెకు నచ్చును. చివరకు ఆమె ఆ ముసలివానినే వరించి చేపగా మారుటకు నీట దిగిపోవును. క్ఫ్వ్ఫ్క్ తన దారిన తాను పోవును.

ఈ కథను పాతకొత్తల సంఘర్షణముగా చదువుట సులభము. గట్టెక్కనివాడు ఛాందసుడు; గట్టెక్కినవారు అభ్యుదయవాదులు; పిల్ల దారి తప్పినది. లేదా దీనిని తలక్రిందులు చేసి, పెద్దలమాట చద్దిమూట యనియు, నవనాగరకత డొల్ల యనియు చెప్పవచ్చును. తరగతియందు ఈ కథను చర్చకు పెట్టినపుడెల్ల విద్యార్థులు ఈ రెండు పక్షములుగా చీలుటయే మేము చూచితిమి. రెండును కథలోని వాక్యములకు న్యాయము చేయవని మా యభిప్రాయము. ఇందులకు తొలి సాక్ష్యము కథారంభముననే కలదు. నీట మిగిలినవారు ఉన్నచోటనే యుండిపోయిరని కాల్వినో చెప్పలేదు. వారు మునుపటికంటె మిక్కిలి చేపలైరని చెప్పెను. అనగా నిలిచిపోయినవాడును మారినవాడే. వెనుకబడినవాడు, ముందుకుపోయినవాడు అను లెక్క ఈ కథాప్రపంచమున చెల్లదు. ఇద్దరును చెరియొక దిక్కునకు నడచినవారు.

ఇక చుట్టరికము సంగతి. ఇటాలియన్ భాషలోని 'త్సీఓ' అను పదము, ఆంగ్లమున 'అంకుల్' అను పదమువలె, పినతండ్రిని, పెదతండ్రిని, మేనమామను ఒక్క గాటనే కట్టును. తెలుగున ఆ సౌకర్యము లేదు. తెలుగు చేయువాడు మొట్టమొదట వరుస తేల్చుకొనవలెను. ఈ ముసలివాడు నాయనమ్మ వైపు వాడు. తండ్రికంటె ఒక తరము పైవాడు. కావున మన వరుసలో తాత యగును. ఇట్లు వరుస తేలగానే కథలోని హాస్యము మనకు రెట్టింపగును: మనుమడు కోరిన పిల్లను తాత పెండ్లాడినాడు! వరుసలు కలిపి చూచుకొనుట అలవాటైన మన సమాజమునకు ఈ యవకతవక మూలభాషాపాఠకునికంటె పదునుగా తగులును. కథకుడు మాత్రము ఈ బంధుత్వముల చిక్కుముడి ఎవ్వరికిని తెగదని విసుగుకొని తప్పించుకొనును. ఆ విసుగును కాల్వినో చమత్కారమునకై పెట్టినను, శాస్త్రము నంటిన చమత్కారమది.

ఏలనన, ఈ ముసలివాడు క్ఫ్వ్ఫ్క్‌కు సొంత తాత కాడు, ముత్తాత కాడు, పక్కకొమ్మకు చెందినవాడు. పరిణామవాదమును నిచ్చెనగా భావించు సామాన్యుడు సీలకాంత్ చేపను మనకు మూలపురుషునిగా తలచును. శాస్త్రము నిచ్చెనను తీసివేసి చెట్టును నిలిపినది. 2013లో సీలకాంత్ జన్యురాశిని సంపూర్ణముగా పఠించిన శాస్త్రజ్ఞులు, నాలుగుకాళ్ళ జంతువులకు దానికంటె ఊపిరితిత్తుల చేపయే దగ్గరి బంధువని తేల్చిరి. నేడు జీవించియున్న ఏ చేపయు మనకు పూర్వుడు కాడు; అది మన కాలపు చుట్టము. 1965లోనే కాల్వినో ఈ ముసలివానికి నాయనమ్మ వైపు వరుసను కల్పించుట, శాస్త్రజ్ఞుల యింట పెరిగినవాని మెలకువ యని మేము భావింతుము. వంశవృక్షమును ఎరిగినవాడే చుట్టరికము నింత సరిగా పెట్టగలడు.

సీలకాంత్‌ను ఎన్నుకొనుటయు యాదృచ్ఛికము కాదు. ఈ జాతి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, రాక్షసబల్లులతోపాటు నశించినదని శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. 1938 డిసెంబరున దక్షిణాఫ్రికా తూర్పుతీరమున ఒకటి వలలో పడినది. ఈస్ట్ లండన్ వస్తుప్రదర్శనశాల అధికారిణి మార్జొరీ కోర్ట్నీ లాటిమర్ దానిని గుర్తించి కాపాడగా, జె. ఎల్. బి. స్మిత్ 1939లో ఆమె పేరు మీదనే దానికి లాటిమేరియా అని నామకరణము చేసెను. పిదప 1990 ప్రాంతపు దశాబ్దమున ఇండొనేషియా సముద్రమున రెండవ జాతియు కానవచ్చినది. చచ్చెనని తిథి పెట్టిన తాత చెరువులో బుడగలు వదలుచు కనబడుట ఇట్టిదే. కాల్వినో కథ ఈ వార్త ప్రపంచమున ప్రాకిన 27 ఏండ్లకు వచ్చినది.

న్‌బా న్‌గా పెద్దరికము ఎట్టిదో కథకుడు మిక్కిలి సూక్ష్మముగా చెప్పును. తనకేమియు తెలియని నేల వ్యవహారములలో గూడ బంధువులు అతని సలహా నడుగుదురు. అతడు చెప్పునది పొసగదని వారెరుగుదురు, అయినను అడుగుదురు. ఆ గౌరవమునకు కారణమేమి? చేపలనాటి నుడికారములు అతని నోట నుండుట ఒక కారణమని కథకుడూహించును. వాని యర్థము మనుమలకు స్పష్టము కాదు. అందువలననే వారికి భక్తి కలుగును. భాషాచార్యులమగు మేము ఈ చోట నిలిచిపోకుండ ముందుకు పోజాలము. అర్థము మరుగుపడిన పలుకుబడికి గల యధికారము మనము ప్రతిదినము అనుభవించునదే. తెలుగున 'గట్టెక్కుట' యనగా కష్టము దాటుట, కృతార్థుడగుట. పరీక్ష గట్టెక్కితిమనువాడు గట్టును తలచుకొనడు, నీటిని తలచుకొనడు. ఏరు దాటు కాలమున పుట్టిన మాట వంతెనల కాలమునను మన నోట బ్రతికియున్నది. ఆ మాటలో ఒక తీర్పు గూడ ఇమిడియున్నది: నీరు ఆపద, గట్టు క్షేమము. కాల్వినో ఈ మాట నెరుగకయే దీనిని ప్రశ్నించినాడు. గట్టెక్కినవాడు నిజముగా గట్టెక్కినాడా అనునదే కథ అడుగు ప్రశ్న.

కథకు కీలకమైన స్థలము, మా దృష్టిలో, ల్ల్ల్ నిర్ణయము కాదు, క్ఫ్వ్ఫ్క్ సిగ్గు. తాతను అతడు దాచినాడు. దాచుటలో నొక యంగీకారము కలదు: నేల మేలు, నీరు తక్కువ, కావున నేనును కొంత తక్కువవాడను. ఎవరును అతనిని నిందింపకముందే అతడు తన కులమును తాను నిందించుకొన్నాడు. ల్ల్ల్‌కు అట్టి భారము లేదు. ఆమె తరతరములుగా నేలపై నున్న యింటి పిల్ల. నీరు ఆమెకు వెనుకటి యవమానము కాదు, ముందున్న యాశ్చర్యము. కావుననే ఆమె తాతను సూటిగా చూడగలిగినది. క్రొత్తగా గట్టెక్కినవానికి నీరు కంపు. ఏనాడో ఎక్కినవారికి అది విహారస్థలము. మొన్న పల్లె విడిచి వచ్చినవాడు మట్టిమాట నోట రాకుండ జాగ్రత్తపడుచుండగా, మూడుతరముల పట్టణవాసి యదే మాటను ముచ్చటపడి వ్రాసికొనుట మనమెరుగుదుము. ఈ రెండు భావములకు గల భేదమును కాల్వినో చేపలతో చెప్పినట్లు మనుష్యులతో చెప్పిన కథ మాకు తటస్థింపలేదు.

ల్ల్ల్ నిర్ణయమును వినినపుడు క్ఫ్వ్ఫ్క్ అది పరిణామమునకు విరుద్ధమని ఎంచును. వెనుకకు పోవుట అతనికి ఊహకందదు. ఇచ్చట శాస్త్రము అతని పక్షమున లేదు. తిమింగిలముల పూర్వులు నేలమీద నడచిన నాలుగుకాళ్ళ జంతువులు. రంగారావు అను భారతీయ భూగర్భశాస్త్రవేత్త 1971లో 'ఇండోహ్యూస్' అని పేరిడిన జంతువు చిన్నజింకను పోలినది. అతడు కాశ్మీరప్రాంతమున సేకరించిన శిలల నుండి బయల్పడిన యెముకలను పరిశీలించి, 2007లో థెవిసెన్ అను శాస్త్రజ్ఞుని బృందము అది తిమింగిలములకు మిక్కిలి దగ్గరి చుట్టమనియు, నీట దిగి తిరుగు అలవాటు కలదనియు ప్రకటించెను. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏండ్ల నాటి మాట యిది. ఆ వంశముననే కొందరు మరల నీట దిగిరి; దిగి, చేపలు కాలేదు, తిమింగిలములైరి. ఊపిరితిత్తులు విడువలేదు, పిల్లలకు పాలిచ్చుట మానలేదు. దిగుటయు పరిణామమే, దిగినవాడు పోయిన చోటికి తిరిగిపోడు, క్రొత్తచోటికి పోవును. ఇది తెలిసి చదివినచో ల్ల్ల్ చేష్ట వెర్రిగా తోపదు.

మనవారిలో కొందరు దశావతారక్రమమును పరిణామవాదమునకు ముందుసూచనగా చెప్పుట పరిపాటి: మొదట మత్స్యము, పిదప కూర్మము, వరాహము, నరసింహము. ఈ పోలిక ముచ్చటైనదే గాని విమర్శకు నిలువదు. అవతారములు ఒకదాని కడుపున నొకటి పుట్టలేదు. అయినను 'అవతారము' అను మాటయే ఇచ్చట నుపకరించును. దాని యర్థము దిగుట. మన పూర్వులు మహిమను దిగుటయందు చూచిరి. ఆధునికుడు ఎక్కుటయందు మాత్రమే చూచుచున్నాడు. క్ఫ్వ్ఫ్క్ బాధ ఎక్కుట నొక్కదానినే విలువగా నెరిగినవాని బాధ.

ఇట్లని తాతను ఋషిగా చేసి పూజించుటయు తగదు. అతని బోధయందు గల లోపమును గూడ గుర్తింపవలెను. నేల వచ్చినట్లే పోవును, నీరు మాత్రమే స్థిరమని అతని సిద్ధాంతము. భూచరిత్ర దీనిని ధ్రువపరుపదు. సుమారు 25 కోట్ల 20 లక్షల సంవత్సరముల క్రిందట పెర్మియన్ యుగాంతమున సంభవించిన మహావినాశమున సముద్రజాతులలో అత్యధికభాగము నశించినది. నీరు ఎవ్వరిని కాపాడలేదు. సీలకాంత్ వంశమును మారకుండ లేదు. శిలలలోని పూర్వరూపములకును నేటి లాటిమేరియాకును భేదములు పెక్కు. తాత యెరిగిన స్థిరత్వము ఒక కయ్యయందలి స్థిరత్వము. మరియొక ప్రక్క, గట్టెక్కినవారి గర్వమునకును ఆధారము తక్కువ. గ్రీన్‌లాండు శిలలలో దొరకిన అకాంథోస్టెగా అను జంతువునకు ముందుకాళ్ళయందు ఎనిమిదేసి వ్రేళ్ళుండెను; మొప్పలును ఉండెను. అది నీటిలోనే జీవించినది. 2004లో కెనడాకు చెందిన ఎల్స్‌మియర్ దీవిలో కనుగొని 2006లో ప్రకటించిన టిక్టాలిక్, 37 కోట్ల 50 లక్షల ఏండ్ల నాటి చేప. దాని వాజములలో మణికట్టును పోలిన యెముకలు కలవు. కాళ్ళు నేలకొరకై పుట్టలేదు. నీటి పనులకై నీటిలోనే రూపొంది, పిమ్మట నేలకు పనికివచ్చినవి. గట్టెక్కినవారు ఏ కాళ్ళను చూచుకొని మురియుచున్నారో ఆ కాళ్ళు తాతయింట తయారైనవే. అంతేగాక, నేటి వర్గీకరణము ననుసరించి నాలుగుకాళ్ళ జంతువులు కండవాజముల చేపల శాఖలోనివే. నీవు చేపవగుదువా యని ల్ల్ల్‌పై మండిపడు క్ఫ్వ్ఫ్క్, ఆ లెక్కలో తానును చేపయే!

ఈ విషయములలో అనేకము కథ వచ్చిన పిదప తెలిసినవి. తలకట్టుగా నిచ్చిన వాక్యములు నేలకెక్కుటను కార్బోనిఫెరస్ యుగమున నిలుపగా, నేటి శాస్త్రము అంతకుముందరి డెవోనియన్ యుగమునకు జరిపినది. శాస్త్రము మారినను కథ చెడలేదు, మరింత నిజమైనది. దీనికి కారణము కాల్వినో శాస్త్రసత్యమునకు కథతో తొడుగు వేయకుండుట. అతడు శాస్త్రమునుండి యొక యింటి కలహమును పుట్టించి, దానిని ఇంటిన్యాయము ననుసరించి నడపెను. ఇంటిన్యాయము యుగములతో మారునది కాదు.

కథయందు ఒక లోపము మాకు స్పష్టముగా కనబడును. ల్ల్ల్ మనస్సు మనకు తెలియదు. ఆమె మాటలు వినబడును, ఆమె చేష్టలు కనబడును. అన్నియు క్ఫ్వ్ఫ్క్ కన్నులతోనే. మనుమని చేతినుండి తాత చేతికి ఆమె పోయినట్లుండునే గాని, తనకై తాను ఒక జీవితమును ఎన్నుకొన్నట్లు కథనమున నిండుగా రాలేదు. నేలపై తరతరములు గడపిన పిల్ల నీట దిగిన మొదటి క్షణమున ఏమి యనుభవించెను? ఆ యనుభవము చెప్పగల సామర్థ్యము కాల్వినోకు పూర్తిగా కలదు. వలచి ఓడినవాని కథగా దీనిని నిర్మించుటచే ఆ యవకాశము జారిపోయినది. హాస్యకథ యగుటచే దీనిని క్షమింపవచ్చును గాని, గుర్తింపకుండరాదు.

ముగింపును గూర్చి. క్ఫ్వ్ఫ్క్ ఆ తరువాత లోకముతోపాటు మారుచు పోవును. దారిలో అతనికి తనకంటె విశిష్టములగు ప్రాణులు కనబడును: గ్రుడ్డు పెట్టి పిల్లలకు పాలిచ్చు ప్లాటిపస్, పొట్టిమొక్కల నడుమ పొడుగుమెడతో నిలిచిన జిరాఫీ, కాలము దాటినను మిగిలిన రాక్షసబల్లి, యుగములు గడచినను కదలని మొసలి. కొన్ని రానున్నదానిని చాటును, కొన్ని గడచినదానికి సాక్ష్యమిచ్చును. వాని ముందర తాను సామాన్యుడనని అతడు ఒప్పుకొనును. అయినను వానిలో దేనితోడను తన స్థానమును మార్చుకొననని చెప్పును. ఈ చివరిమాట కొందరికి ఓటమిని కప్పిపుచ్చు డాంబికముగా తోచవచ్చును. మాకట్లు తోచలేదు. తాతను దాచిననాడు అతడు మరియొకడుగా కనబడ గోరినాడు. ఇప్పుడు తన మధ్యస్థితిని సిగ్గు లేక చెప్పుకొనుచున్నాడు. ప్రియురాలిని పోగొట్టుకొని అతడు సంపాదించినది ఇదియే. చిన్నదే గాని నిజమైనది.

కాల్వినో ఇతర రచనలతో కలిపి చూచినచో ఈ భావము బలపడును. 1957లో ప్రకటించిన నవలలో ఒక బాలుడు ఇంటివారితో తగవుపడి చెట్టెక్కి, జీవితాంతము నేల త్రొక్కడు. అతడు గట్టు దిగనివాడు, ఈ తాత గట్టెక్కనివాడు. ఇద్దరి పట్టుదలయు ఒక్కటియే. అట్లే తండ్రిని గూర్చి 1962లో వ్రాసిన జ్ఞాపకవ్యాసమున, తోటలకు పొలమునకు దారితీయు తండ్రి బాటయు, పట్టణము వైపు చూచు తన చూపును ఎట్లు వేరుపడెనో అతడు వివరించెను. మొక్కల పేర్లన్నియు ఎరిగిన తండ్రిభాష కుమారునికి పట్టుబడలేదు. కథను రచయిత జీవితముగా తగ్గించి చెప్పుట మా యభిమతము కాదు. తండ్రుల చెరువు నుండి బయటికి వచ్చినవాని చేతనే ఈ కథ వ్రాయబడినదని మాత్రము చెప్పవచ్చును.

తుదకు, ఈ కథ మా పనికి సంబంధించిన ఒక హెచ్చరికయు చేయుచున్నది. మన విశ్వవిద్యాలయములలో సిద్ధాంతవ్యాసములకు 'ఉద్భవ వికాసములు' అను శీర్షిక వాడుక యైనది. ఒక ప్రక్రియ పుట్టినది, పెరిగినది, మరియొకదానికి చోటిచ్చి తప్పుకొన్నది: ఇది నిచ్చెనవాదము. పద్యమునకు కాలము తీరినదని నూరేండ్లుగా చెప్పుచునే యున్నాము. పౌరాణికనాటకమున శ్రోతలు దానిని మరల పాడుమని కోరుచునే యున్నారు. అవధానము నశింపలేదు సరిగదా, శతావధాన సహస్రావధానములుగా విస్తరిల్లినది. అది వెనుకటి దాని శేషము కాదు. మునుపటికంటె మిక్కిలి చేప యైనది. వచనకవితయు పద్యమునకు శత్రువు కాదు, మనుమడు కాదు, వేరొక కొమ్మ. ఇట్టి చుట్టరికములను సరిగా లెక్కకట్టుట మన వాఙ్మయచరిత్రకారులు ఇకముందు చేయవలసిన పని.

అంతకంటె ముఖ్యమైన హెచ్చరిక పరిశోధకవిద్యార్థులకు. విశ్వవిద్యాలయమున అడుగు పెట్టినవారిలో పెక్కుమంది తమ యింట ఆ చదువు చదివిన మొదటివారు. సభలో నోరు విప్పునపుడు ఇంటిమాటను దాచుకొనుట, తాత పాడిన పాటను 'జానపదము' అని పేరుపెట్టి తమది కానట్లు దూరముగా నిలిపి మాటలాడుట మనము తరచు చూచుచున్నాము. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. క్రొత్తగా గట్టెక్కినవారికి అది సహజము. కాని దాచిన తాతను ఎవరో యొకరు వచ్చి కనుగొందురు. కనుగొని, అతని కడ కూర్చుండి, మనమడుగవలసిన ప్రశ్నలు వారడుగుదురు. అతడు చెప్పునదంతయు సత్యమని కాదు. అడుగవలసిన హక్కు ముందుగా మనుమనిది. క్ఫ్వ్ఫ్క్ ఆ కయ్యయొడ్డున ఎన్నిమారులు నిలిచినను తాతను గట్టెక్కుమని పిలిచెనే గాని, నీటిలో నేమి కనబడుచున్నదని ఒక్కమారైనను మనసార అడిగినట్లు కథ చెప్పదు. అడిగినది ల్ల్ల్. కథయందలి నష్టమంతయు ఈ యడుగకుండుటనుండి వచ్చినదని మా పఠనమున తేలిన విషయము. సహృదయులు కథను స్వయముగా చదివి ఇందలి యుక్తాయుక్తములను విచారింతురు గాక.